సబ్‌స్క్రైబర్ అడ్మిన్ అయ్యే దారి: ప్లగిన్ లొసుగులపై తెగని వాదన

2024 నవంబరులో ‘రియల్లీ సింపుల్ సెక్యూరిటీ’ అనే వర్డ్‌ప్రెస్ ప్లగిన్‌లో బయటపడ్డ లొసుగు చూసి సైబర్ భద్రత నిపుణులకే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ప్లగిన్ అంటే వర్డ్‌ప్రెస్ సైటుకి అదనంగా తగిలించే ప్రోగ్రాము. సైటుకి కాపలా కాయడమే ఈ ప్లగిన్ పని. 40 లక్షలకు పైగా సైట్లు దాన్ని పెట్టుకున్నాయి. పాస్‌వర్డు ఒక్కటే చాలదని, దాని మీద రెండో తనిఖీ కూడా ఉండాలని అందులో ఒక సదుపాయం చేర్చారు. ఆ సదుపాయాన్ని ఆన్ చేసుకున్న సైట్లలోకే పాస్‌వర్డు తెలియని మనిషి అడ్మిన్‌గా వచ్చేయడానికి వీలు చిక్కింది. తనిఖీ చేసే ఫంక్షన్ ‘ఇది చెల్లదు’ అని సరిగ్గానే జవాబిస్తోంది. అడిగిన ఫంక్షనే ఆ జవాబు చూడకుండా ముందుకు పోయి లాగిన్ చేయించేస్తోంది. ఏమీ పట్టించుకోనివాడు బయటపడ్డాడు, జాగ్రత్తపడ్డవాడు ఇరుక్కున్నాడు.

తక్కువ హోదాతోనో, అసలు ఏ హోదా లేకుండానో వచ్చినవాడు సైటు యజమాని స్థాయికి ఎగబాకడాన్ని ప్రివిలేజ్ ఎస్కలేషన్ అంటారు. ఇలాంటి లోపం బయటపడిన ప్రతిసారీ అదే తగవు మొదటికొస్తుంది. తప్పు ప్లగిన్ రాసినవాడిదా? అందరికీ తలుపులు తీసిపెట్టిన వర్డ్‌ప్రెస్‌దా? అప్‌డేట్ చేసుకోని యజమానిదా? లొసుగును లోకానికి చాటినవాడిదా? ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా వర్డ్‌ప్రెస్ మీదే నడుస్తున్నాయి కాబట్టి ఇది సాఫ్ట్‌వేర్ వాళ్ల ఇంటిగొడవగా మిగలదు. ప్యాచ్‌స్టాక్ సంస్థ లెక్క ప్రకారం 2024లో వర్డ్‌ప్రెస్ ప్రపంచంలో 7,966 కొత్త లొసుగులు నమోదయ్యాయి. అందులో 96 శాతం ప్లగిన్లవి. అసలు వర్డ్‌ప్రెస్‌లో దొరికినవి ఏడే.

మూడు జిల్లాలు, మూడు రకాల సైట్లు

ఈ తగవు చిన్న ఊళ్లను ఎలా తాకుతుందో తెలంగాణలోని మూడు జిల్లాల్లో చూడొచ్చు. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలయ్యాయి. కలెక్టరేట్లతో పాటు వాటికి అధికారిక వెబ్‌సైట్లూ వచ్చాయి. ఈ మూడూ నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ (ఎన్‌ఐసీ) నడిపే ‘ఎస్3వాస్’ వేదిక మీద ఉన్నాయి. దేశంలోని జిల్లాల సైట్లు చాలావరకు ఒకే మూసలో, ఒకే రంగుల్లో కనిపించడానికి కారణం ఇదే. ఆ వేదిక అడుగున ఉన్నది వర్డ్‌ప్రెస్సే. అయితే కలెక్టరేట్ సిబ్బందికి టెండరు నోటీసు పెట్టడం, ఫొటోలు మార్చడం వరకే వెసులుబాటు. కొత్త ప్లగిన్ ఎక్కించే అధికారం జిల్లాలో ఎవరి చేతిలోనూ లేదు. ఏది ఉండాలో, ఎప్పుడు అప్‌డేట్ కావాలో ఎన్‌ఐసీ నిర్ణయిస్తుంది.

రెండో రకం సైట్లు ప్రైవేటు బడులవి, డిగ్రీ కాలేజీలవి, నర్సింగ్ హోములవి, ఫంక్షన్ హాళ్లవి, స్థానిక వార్తలు పెట్టేవాళ్లవి, పెంబర్తి ఇత్తడి బొమ్మల్లాంటి సరుకు ఆన్‌లైన్లో అమ్మేవాళ్లవి. ఏడాదికి కొన్ని వేలు కట్టి షేర్డ్ హోస్టింగ్ తీసుకుంటారు. హనుమకొండలోనో హైదరాబాద్‌లోనో ఉండే డిజైనర్ ఒక థీమ్, పది పదిహేను ప్లగిన్లు వేసి సైటు అప్పగిస్తాడు. డబ్బులు మిగులుతాయని డౌన్‌లోడ్ సైట్లలో దొరికే ‘నల్డ్’ థీములు, అంటే లైసెన్సు తీసేసిన దొంగ కాపీలు వేసేవాళ్లూ ఉన్నారు. వాటికి కంపెనీ నుంచి అప్‌డేట్ రాదు. డిజైనర్ వేరే ఉద్యోగంలోకి వెళ్లిపోయాక అడ్మిన్ ఈమెయిల్ ఎవరిదో కూడా యజమానికి గుర్తుండదు.

మూడో రకం ఒకటి ఉంది గానీ దాని గురించి ఎవరూ మాట్లాడరు. 2025 మే 15 నుంచి 26 వరకు కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు జరిగాయి. మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తుంది. ఇలాంటి సందర్భాల్లో గదుల బుకింగ్, ట్రావెల్స్ పేరిట ప్రైవేటు సైట్లు పుట్టుకొస్తాయి. జనం తిరిగెళ్లిపోయాక కూడా అవి సర్వర్ల మీద అలాగే ఉంటాయి. వాటిలో యాత్రికుల పేర్లు, ఫోన్ నంబర్లు కూడా ఉంటాయి. అప్‌డేట్ చేసేవాడు మాత్రం ఉండడు.

హోదాలు ఎలా పుట్టాయి

వర్డ్‌ప్రెస్ 2003 మేలో మొదలైంది. సరిగ్గా ఏడాదికి, 1.2 వెర్షన్‌తో ప్లగిన్లు వచ్చాయి. అప్పట్లో హోదాలు లేవు, 0 నుంచి 10 దాకా అంకెలుండేవి. 2005 డిసెంబరులో 2.0 వెర్షన్ ఆ అంకెలు తీసేసి సబ్‌స్క్రైబర్, కంట్రిబ్యూటర్, ఆథర్, ఎడిటర్, అడ్మినిస్ట్రేటర్ అనే అయిదు హోదాలు తెచ్చింది. ఒక్కో హోదాకి ఏయే పనులు చేసే వీలుందో జాబితా ఉంటుంది. తర్వాత వచ్చిన ప్లగిన్లు ఆ జాబితాకి తమ వంతు చేర్చుకుంటూ పోయాయి.

తరవాతి కథంతా నడిచింది ఈ ఏర్పాటులోని ఒక వెలితి మీదే. హోదాల జాబితా మనుషులకి వర్తిస్తుంది, ప్లగిన్లకి వర్తించదు. ఎక్కించిన ప్రతి ప్లగిన్‌ వర్డ్‌ప్రెస్‌తో కలిసి ఒకే ప్రోగ్రాములో, ఒకే డేటాబేస్ తాళంచెవితో పనిచేస్తుంది. కాంటాక్ట్ ఫారం చూపించే చిన్న ప్లగిన్‌కైనా అడ్మిన్ల పట్టికను తిరగరాసే శక్తి ఉంటుంది. తహసీల్దారు ఖాళీ కాగితాల మీద ముందే సంతకాలు పెట్టి గుమస్తా చేతికిచ్చినట్టుంది ఈ ఏర్పాటు. గుమస్తా మంచివాడే కావచ్చు. ఎదుటివాడు చెప్పింది నమ్మి రాసిస్తే మాత్రం ఆ కాగితం చెల్లుతుంది. కంప్యూటర్ శాస్త్రంలో ఈ చిక్కు కొత్తదేం కాదు. ప్రతి ప్రోగ్రాముకీ పనికి సరిపడా అధికారమే ఇవ్వాలని సాల్ట్జర్, ష్రోడర్ 1975లోనే రాశారు. అధికారమున్న ప్రోగ్రామును అధికారం లేనివాడు ఎలా వాడుకుంటాడో నార్మ్ హార్డీ 1988లో విడమరిచాడు. వర్డ్‌ప్రెస్ ఈ రెంటినీ పక్కనబెట్టి, ఎవరైనా నాలుగు లైన్లు రాసి ప్లగిన్ అనిపించుకునే సౌలభ్యాన్ని ఎంచుకుంది. అది అంతగా వ్యాపించడానికీ ఆ సౌలభ్యమే కారణం కాబట్టి, ఆ ఎంపికను తప్పని కొట్టిపారేయడం అంత తేలిక కాదు.

ఎగబాకే దారులు

పైకి వందల కేసులు కనిపిస్తాయి గానీ దారులు కొన్నే. మొదటిది సైటు సెట్టింగుల గుండా పోతుంది. 2018 నవంబరులో ‘డబ్ల్యూపీ జీడీపీఆర్ కంప్లయన్స్’ ప్లగిన్ మీద జరిగిన దాడి దీనికి పాఠ్యపుస్తక ఉదాహరణ. యూరప్‌లో ఆ ఏడాది మేలో అమల్లోకొచ్చిన వ్యక్తిగత గోప్యత చట్టాన్ని పాటించడానికని లక్షకు పైగా సైట్లు దాన్ని వేసుకున్నాయి. ఎవరు అడుగుతున్నారో చూసుకోకుండానే అది సెట్టింగులు మార్చేసేది. దుండగులు రెండే మార్చారు. ‘ఎవరైనా రిజిస్టర్ కావచ్చు’ అన్నదాన్ని ఆన్ చేశారు. కొత్తగా చేరేవాళ్ల హోదా సబ్‌స్క్రైబర్ అని ఉన్నచోట అడ్మినిస్ట్రేటర్ అని పెట్టారు. ఆ తర్వాత మామూలు మనిషిలాగే రిజిస్టర్ అయి, అడ్మిన్లయ్యారు. లోపలికి వచ్చాక ఆ రెండు సెట్టింగులనీ మళ్లీ పాత స్థితిలో పెట్టారు. అది మంచితనమేమీ కాదు, వెనకాల ఇంకో దొంగ రాకుండా చేసుకున్న ఏర్పాటు.

రెండో దారి రిజిస్ట్రేషన్ ఫారం. సభ్యత్వాలు నడిపే ‘అల్టిమేట్ మెంబర్’ ప్లగిన్‌ను రెండు లక్షల సైట్లు వాడుతుండగా 2023 జూన్‌లో దానిమీద దాడులు బయటపడ్డాయి. లొసుగు నంబరు సీవీఈ-2023-3460, తీవ్రత 10కి 9.8. ప్రొఫైల్లో ఎవరు ఏ గడి నింపినా డేటాబేస్‌కి పోతుంది. హోదా ఉండే గడి పేరు ‘డబ్ల్యూపీ_కేపబిలిటీస్’. ప్లగిన్ రాసినవాళ్లు దాన్ని నిషేధిత జాబితాలో పెట్టారు కూడా. దుండగులు అదే పేరులోని అక్షరాల మీద యూరప్ భాషల్లో వాడే చిన్న గుర్తులు చేర్చి పంపారు. నిషేధిత జాబితాకి అది వేరే పేరు. డేటాబేస్ మాత్రం గుర్తులున్న అక్షరాన్నీ లేని అక్షరాన్నీ ఒకటిగానే లెక్కేస్తుంది. జల్లెడకు చిక్కనిది గిన్నెలోకి చేరిపోయింది. కంపెనీ వరుసగా నాలుగు వెర్షన్లు విడుదల చేసినా దారి పూర్తిగా మూసుకుపోలేదు, జూలై 1న వచ్చిన 2.6.7తో గానీ పని పూర్తి కాలేదు. కూడనివాటి జాబితా రాసుకునే పద్ధతికన్నా కూడేవాటి జాబితా రాసుకునే పద్ధతి మేలని చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు. ఇదే ప్లగిన్‌లో 2020 నవంబరులోనూ ఇలాంటివే మూడు లొసుగులు దొరికాయి.

మూడోది పాస్‌వర్డు మార్చే చోటు. 2023 మేలో పది లక్షలకు పైగా సైట్లున్న ‘ఎసెన్షియల్ యాడాన్స్ ఫర్ ఎలిమెంటార్’లో, పాస్‌వర్డు మార్చమని అడిగినవాడి దగ్గర ఈమెయిల్లో వచ్చిన రహస్య సంకేతం ఉందా లేదా అన్నది చూడటమే మరిచిపోయారు. యూజర్ పేరు తెలిస్తే చాలు. చాలా సైట్లలో ఆ పేరు ‘అడ్మిన్’ అనే ఉంటుందని దుండగులకు వేరే చెప్పాలా?

నాలుగోది చెప్పిన మాట నమ్మడం. ‘వూకామర్స్ పేమెంట్స్’ అనే డబ్బు చెల్లింపుల ప్లగిన్, వచ్చిన అభ్యర్థనలో ‘నేను ఫలానా నంబరు యూజర్ని’ అని ఒక హెడర్ ఉంటే సరేననేది. 2023 మార్చిలో దీన్ని సరిచేశారు, సైట్లన్నిటికీ బలవంతపు అప్‌డేట్ పంపారు. అయినా జూలై 16న ఒక్కరోజే లక్షా 57 వేల సైట్ల మీద 13 లక్షల దాడులు నమోదయ్యాయని వర్డ్‌ప్రెస్ భద్రత సంస్థ వర్డ్‌ఫెన్స్ ప్రకటించింది. మన దేశపు కేసూ ఈ కోవలోకే వస్తుంది. పుణెకు చెందిన బ్రెయిన్‌స్టార్మ్ ఫోర్స్ తయారుచేసే ‘ష్యూర్‌ట్రిగర్స్’, అంటే ఇప్పటి ‘ఒట్టోకిట్’, లక్షకు పైగా సైట్లలో ఉంది. దాన్ని వేసుకుని కీ పెట్టకుండా వదిలేసిన సైట్లలో రహస్య కీ స్థానం ఖాళీగా ఉండేది. దుండగుడు కూడా ఖాళీ కీ పంపితే రెండూ సరిపోయాయని లెక్క. 2025 ఏప్రిల్లో ఈ వివరాలు వెలువడిన నాలుగు గంటలకే దాడులు మొదలయ్యాయి.

వీటిలో ఏ దారికీ చెందని కేసు ‘లైట్‌స్పీడ్ క్యాష్’. 2024 నాటికే 50 లక్షల సైట్లను వేగంగా తెరిపిస్తున్న ప్లగిన్ అది. లాగిన్ అయినవాళ్లకు పేజీ ఎలా కనిపిస్తుందో ముందే సిద్ధం చేయడానికి అది యూజర్ల వేషం వేసుకుని సైటంతా తిరుగుతుంది. ఆ వేషానికి కాపలాగా ఒక రహస్య సంకేతం ఉంది. సెకనులోని మైక్రోసెకన్ల అంకెను బట్టి ఆ సంకేతం పుడుతుంది కాబట్టి వీలున్నవి పది లక్షలే. సెకనుకు మూడు చొప్పున ప్రయత్నించినా కొన్ని గంటల నుంచి వారం లోపు దొరికిపోతుంది. 2024 ఆగస్టులో దీన్ని కనిపెట్టిన పరిశోధకుడికి 14,400 డాలర్ల బహుమతి దక్కింది. ఇక్కడ తనిఖీ మరిచిపోలేదు, గణితం బలహీనంగా ఉంది. ‘ప్రోగ్రామర్ల అజాగ్రత్త’ అనే ఒక్కమాటతో అన్నిటినీ తేల్చేసేవాళ్లకు ఈ కేసు కొరుకుడు పడదు.

వర్డ్‌ప్రెస్‌ను వదిలి జూమ్లాకో ద్రూపల్‌కో పోతే సరిపోతుందనే సలహా కూడా వినిపిస్తుంటుంది. 2016 అక్టోబరులో జూమ్లా అసలు కోడ్‌లోనే, ప్లగిన్ల ప్రమేయం లేకుండా, పెద్ద హోదాతో రిజిస్టర్ అయ్యే లొసుగు దొరికింది. 2014 అక్టోబరు 15న ద్రూపల్‌లో బయటపడ్డ లోపాన్ని ఏడు గంటల్లో సరిచేసుకోని సైట్లు దొంగల చేతికి పోయినట్టే లెక్కవేసుకోమని ఆ సంస్థే ప్రకటించింది.

తప్పెవరిదన్న వాదాలు

కోడ్ రాసేవాడిదే బాధ్యత అనేది మొదటి వాదం. ప్రతి పనికీ ముందు అడిగినవాడి హోదా చూడు, ఆ అభ్యర్థన నిజంగా అతడి నుంచే వచ్చిందా చూడు, బయటి నుంచి వచ్చిన దేన్నీ నమ్మకు. ఈ సూత్రాలు వర్డ్‌ప్రెస్ పత్రాల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. కొన్నిచోట్ల పేర్లే ప్రోగ్రామర్లను తప్పుదారి పట్టిస్తాయన్నది వేరే సంగతి. ‘ఈజ్_అడ్మిన్’ అనే ఫంక్షన్ అడిగినవాడు అడ్మినా కాదా అన్నది చెప్పదు, అడ్మిన్ విభాగపు పేజీ తెరుచుకుందా లేదా అన్నదే చెబుతుంది. ఈ వాదానికి ఉన్న అసలు ఇబ్బంది సంఖ్య. అధికారిక భాండాగారంలో దాదాపు 60 వేల ఉచిత ప్లగిన్లున్నాయి. కొత్త ప్లగిన్ చేరేటప్పుడు సమీక్షకులు చూస్తారు. తర్వాత వచ్చే వెర్షన్లను అలా ఒక్కొక్కటీ చూసే ఏర్పాటు లేదు.

రెండో వర్గం నిర్మాణాన్నే తప్పుబడుతుంది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి ఫోన్ యాప్ కెమెరా కావాలంటే యజమానిని అడగాల్సిందే. బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు కూడా తమకేం కావాలో ముందే చెప్పాలి. ప్లగిన్లకి మాత్రం ఆ కట్టుబాటు ఎందుకు లేదన్నది వీళ్ల ప్రశ్న. సిద్ధాంతపరంగా వీళ్లకు ఎదురు చెప్పడం కష్టం. ఆచరణలో అలాంటి గోడలు కడితే ఇప్పుడున్న ప్లగిన్లలో చాలావాటిని తిరగరాయాలి. పాత ప్లగిన్లు పనిచేస్తూనే ఉంటాయన్న భరోసా మీదే వర్డ్‌ప్రెస్ ఇన్నేళ్లు నిలబడింది.

అప్‌డేట్ల వర్గం వాదన ఇంకోలా ఉంటుంది. లొసుగులు ఎప్పుడూ వస్తాయి, మందు అందరికీ త్వరగా చేరితే చాలు. 2013 అక్టోబరులో 3.7 వెర్షన్‌తో వర్డ్‌ప్రెస్ తనను తాను సరిచేసుకోవడం నేర్చుకుంది. 2020 ఆగస్టులో 5.5తో ప్లగిన్లకూ ఆటో-అప్‌డేట్ బటన్ వచ్చింది. ప్రమాదం పెద్దదైతే యజమాని నొక్కకపోయినా భాండాగారమే అప్‌డేట్ తోసేస్తుంది. దీనిమీద వచ్చే అభ్యంతరాన్ని తేలిగ్గా తీసేయలేం. అన్ని సైట్లలోకీ ఒకేసారి కోడ్ పంపగలిగే చెయ్యే అన్నిటికన్నా పెద్ద హోదా కదా? 2024 జూన్‌లో కొందరు ప్లగిన్ రచయితల పాత పాస్‌వర్డులు దొంగల చేతికి పోయాయి. ‘సోషల్ వార్‌ఫేర్’తో సహా అయిదు ప్లగిన్ల అప్‌డేట్లలోనే దొంగ అడ్మిన్లను సృష్టించే కోడ్ వచ్చిపడింది. ఆటో-అప్‌డేట్ పెట్టుకున్నవాళ్లకే అది ముందుగా చేరింది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి ప్లగిన్ రచయితలకు రెండో తనిఖీని తప్పనిసరి చేశారు. అదే నెల 12న ఇంకో గొడవ లేచింది. వర్డ్‌ప్రెస్ పెద్దలకు హోస్టింగ్ కంపెనీ డబ్ల్యూపీ ఇంజిన్‌తో తగాదా నడుస్తుండగా, ఆ సంస్థకు చెందిన ‘అడ్వాన్స్‌డ్ కస్టమ్ ఫీల్డ్స్’ స్థానాన్ని భాండాగారం తన సొంత కాపీతో నింపేసింది. భద్రత కోసమే చేశామని ఒకవైపు, ఆక్రమణ అని ఇంకోవైపు.

ఇక ఫైర్‌వాల్ వర్గం. ప్లగిన్ సరికాకముందే ముప్పున్న అభ్యర్థనను వాకిట్లోనే ఆపేస్తామంటారు. ఇవి పనిచేస్తాయి, అందులో అనుమానం లేదు. కానీ వర్డ్‌ఫెన్స్ కొత్త రక్షణ నియమాలు డబ్బు కట్టినవాళ్లకు వెంటనే వస్తాయి, ఉచితంగా వాడేవాళ్లకు 30 రోజుల తర్వాత. దాడులు నాలుగు గంటల్లో మొదలయ్యే కాలంలో 30 రోజులంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. మహబూబాబాద్‌లోని చిన్న కాలేజీ ఉండేది ఆ ఉచిత వరుసలోనే.

చివరిది ఎస్3వాస్ పద్ధతి, అంటే ఎంపికే ఇవ్వకపోవడం. ప్లగిన్ల దారిన వచ్చే దాడులను తగ్గించడంలో దీనికి సాటి లేదు. అయితే ఒకేచోట అన్నీ పెట్టినప్పుడు ఒక పొరపాటు అందరిదీ అవుతుంది. ఎస్3వాస్ క్లౌడ్‌లో అమరిక సరిగా లేక ఆధార్ నంబర్లు, కోవిడ్ టీకా వివరాలున్న పత్రాలు ఏళ్లపాటు బయటికి కనిపించాయని, సెర్చి ఇంజిన్లలో కూడా దొరికాయని 2024 మార్చిలో టెక్‌క్రంచ్ బయటపెట్టింది. ఒక పరిశోధకుడు 2022లోనే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సర్ట్-ఇన్‌కు ఆ సంగతి చెప్పినట్టు ఆ కథనంలో ఉంది. విద్యుత్ రంగంలోనూ ఇలాంటిది జరిగింది. 2019లో ర్యాన్సమ్‌వేర్ దాడి జరిగినప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు కలిసే ఆగిపోయాయి. పైన చెప్పిన మూడు జిల్లాలకు కరెంటిచ్చే ఉత్తర మండలి సంస్థ వాటిలో ఒకటి. ఈ రెండింటిలోనూ ప్లగిన్ల ప్రమేయం లేదు. తాళాలన్నీ ఒకే చేతిలో ఉంటే చాలనే నమ్మకానికి మాత్రం ఇవి అడ్డొస్తాయి.

ఈ అయిదింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తేడా కనిపిస్తుంది. కోడ్ వర్గం, నిర్మాణ వర్గం చెప్పే మందులు రేపటి ప్లగిన్లకు. అప్‌డేట్లు, ఫైర్‌వాళ్లు ఈరోజు సైట్లకు. మూసేసే పద్ధతి డబ్బూ మనుషులూ ఉన్న సంస్థలకే సాధ్యం. చిన్న ఊరి సైటుకి వెంటనే అందేది ఆటో-అప్‌డేట్ ఒక్కటే. దానివల్ల వచ్చే ముప్పు నిజమే అయినా, అప్‌డేట్ లేని పాత ప్లగిన్ వల్ల వచ్చే ముప్పుతో పోలిస్తే చాలా అరుదు. ఈ విషయంలో రెండు వైపులా సమానంగా తూచి ఊరుకోవడం కుదరదు.

ప్లగిన్ లేకపోయినా

2026 జనవరిలో జనగామ, యాదాద్రి భువనగిరి జిల్లాల భూ రిజిస్ట్రేషన్ చలాన్ల కేసులో వరంగల్ పోలీసు కమిషనరేట్ 15 మందిని అరెస్టు చేసింది. రైతుల దగ్గర పూర్తి రుసుము తీసుకుని, ధరణి, భూ భారతి భూ రిజిస్ట్రేషన్ పోర్టళ్ల ఆన్‌లైన్ చెల్లింపుల్లో అంకెలు మార్చి ఖజానాకు తక్కువ జమ చేశారన్నది అభియోగం. నష్టం సుమారు 3.90 కోట్ల రూపాయలని పోలీసులు చెప్పారు. ఇది ప్లగిన్ కేసు కాదు, ఇందులో ఎవరి హోదా మారలేదు. అభియోగంలో చెప్పిన తీరు నిజమైతే, మూలం మాత్రం వూకామర్స్ పేమెంట్స్ మూలమే. యూజర్ వైపు నుంచి వచ్చిన విలువను సర్వర్ తన దగ్గరున్న విలువతో సరిచూసుకోకుండా నమ్మడం. వెబ్ భద్రత మీద పనిచేసే ‘ఓవాస్ప్’ సంస్థ 2021 జాబితాలో అధికార తనిఖీ లోపాలను వెబ్ ప్రమాదాల్లో మొదటి స్థానంలో పెట్టింది, 2017లో వాటిది అయిదో స్థానం. ప్లగిన్ల చర్చను వర్డ్‌ప్రెస్ ఆవరణ లోపలే ఉంచితే ఈ పెద్ద బొమ్మ కనపడదు.

ఎంత తీవ్రం, ఎప్పుడు చెప్పాలి

లెక్కలమీద కూడా ఏకాభిప్రాయం లేదు. ఏటా వేల లొసుగులని చెప్పే జాబితాల్లో, ముందే అడ్మిన్ అయినవాడు మాత్రమే వాడుకోగలిగే లోపాలు కూడా కలుస్తాయి. వాటిని చూపి బెదరగొట్టడం సరికాదని ప్లగిన్ రచయితలు అంటారు. ఆ మాటలో కొంత నిజముంది. సబ్‌స్క్రైబర్ హోదా ఉంటే చాలనే లొసుగు రిజిస్ట్రేషన్ తెరిచిపెట్టిన సైటుకి ప్రాణాంతకం. ఫోన్ నంబరు, ఫీజుల పట్టిక మాత్రమే ఉన్న బడి సైటుకి దాదాపు ఏమీ కాదు. 10కి 9.8 అన్న అంకె ఈ తేడా చెప్పదు.

చెప్పే సమయం మరీ చిక్కు ప్రశ్న. ఆలస్యం చేస్తే దొంగ ముందే కనిపెట్టవచ్చు. తొందరపడితే సరిచేసిన వెర్షన్ పక్కన పాత వెర్షన్ పెట్టి చూసి, ఏ లైను మారిందో పట్టుకుని దాడి తయారుచేస్తారు. 2024లో నమోదైన లొసుగుల్లో మూడోవంతు బయటపెట్టే నాటికి సరిచేయలేదని ప్యాచ్‌స్టాక్ చెప్పింది. మన దేశంలో దీనికి తోడు ఇంకో భయం ఉంది. ఐటీ చట్టం 43వ సెక్షన్ యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి వెళ్లినవాడి గురించే మాట్లాడుతుంది, మంచి ఉద్దేశంతో చూసినవాడికి వేరే మినహాయింపు రాయలేదు. 66వ సెక్షన్‌లో నిజాయతీ లేకుండా లేదా మోసపూరితంగా అన్న షరతు ఉంది గానీ, ఆ తేడా తేలేది కేసు నడిచాకే. భూపాలపల్లి కుర్రాడికి తమ కాలేజీ సైటులో లోపం కనిపిస్తే, చెప్పడం కన్నా ఊరుకోవడమే క్షేమమనిపించే పరిస్థితి ఇది.

చట్టం ఎవరి వెంట పడుతుంది

2022 ఏప్రిల్ 28న సర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన తెలిసిన ఆరు గంటల్లో చెప్పాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. చౌక హోస్టింగ్‌లో లాగ్‌లు ఎక్కడుంటాయో తెలియని యజమానికి ఇది కాగితం మీది నియమమే. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం దీనికన్నా బరువైనది. తగిన భద్రత తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అసలు బాధ్యతలు పద్దెనిమిది నెలల గడువు ముగిసి 2027 మేలో అమల్లోకి వస్తాయి. విద్యార్థుల ఫోన్ నంబర్లు సేకరించే కాలేజీ, రోగుల వివరాలు తీసుకునే నర్సింగ్ హోం దీని పరిధిలోకి వస్తాయి. లొసుగున్న ప్లగిన్ రాసినవాడు రాడు. డేటా అతడి దగ్గర లేదు, పైగా వర్డ్‌ప్రెస్ ప్లగిన్లు పంచుకునే జీపీఎల్ లైసెన్సు ‘ఏ హామీ లేదు’ అని ముందే చెబుతుంది. నిన్న రాత్రి వచ్చిన అప్‌డేట్ ఈరోజు మధ్యాహ్నం దాకా వేసుకోకపోవడం ‘తగిన భద్రత’ లోపించడమేనా అన్నది ఆ చట్టం కింద ఏర్పడే డేటా పరిరక్షణ బోర్డు ముందుకు కేసులు వచ్చాక గానీ తేలదు.

యూరప్ ఈ బరువును ఇంకోవైపు మళ్లించింది. 2024 డిసెంబరు 10న అమల్లోకొచ్చిన సైబర్ రెజిలియన్స్ చట్టం, అక్కడి మార్కెట్లో సాఫ్ట్‌వేర్ అమ్ముకునేవాళ్లకే బాధ్యత పెట్టింది. వ్యాపారం కాని ఓపెన్ సోర్స్ పనికి మినహాయింపు ఉంది. 2026 సెప్టెంబరు 11 నుంచి, దాడుల్లో వాడుతున్న లొసుగు గురించి తెలిసిన 24 గంటల్లో తయారీదారు అధికారులకు చెప్పాలి. మిగతా నిబంధనలు 2027 డిసెంబరులో వస్తాయి. యూరప్‌లో ప్లగిన్ అమ్ముకునే భారతీయ కంపెనీకి కూడా ఇది వర్తిస్తుంది. అదే ప్లగిన్ జనగామలో ఒక బడి సైటులో ఉంటే, దాని లొసుగు తొందరగా బయటపడి తొందరగా సరికావడానికి తోడ్పడేది ఢిల్లీలో చేసిన చట్టం కన్నా బ్రస్సెల్స్‌లో చేసిన చట్టమే కావచ్చు. ఆ అప్‌డేట్ బడి సైటుకి చేరాలంటే ఆటో-అప్‌డేట్ ఆన్‌లో ఉండాలి, ప్లగిన్ అసలుదై ఉండాలి, హోస్టింగ్ డబ్బులు ఆ ఏడాదికి కట్టి ఉండాలి.